పారమీసియం ఫోటో ఎందుకు మసకగా వస్తుంది?

మైక్రోస్కోప్ ఐపీస్‌కి ఫోన్ ఆనించి తీస్తే చెరువు నీటిలోని పారమీసియం అనే ఏకకణ జీవి చెరిగిపోయినట్టు వస్తోందని అడిగారు. చాలావరకు దాని పరుగే కారణం. పావు మిల్లీమీటరు కూడా ఉండీ లేనట్టుండే ఆ జీవి సెకనుకు దాదాపు 1 మిల్లీమీటరు ఈదుతుంది. 10ఎక్స్ లెన్స్ కింద మనకు కనిపించే మేర సుమారు 2 మిల్లీమీటర్లే, అంటే రెండు సెకన్లలో మాయం!

నీటి చుక్కలో నాలుగు దూది పోగులు వేయండి, వాటి మధ్య ఇరుక్కుని నెమ్మదిస్తుంది. కవర్ స్లిప్ (చుక్క మీద కప్పే పలుచటి గాజు ముక్క) అంచున టిష్యూ పేపర్ ఆనించి కొంచెం నీరు లాగేసినా పనవుతుంది. మరీ లాగితే నలిగి పగిలిపోతుంది పాపం, నాకు చాలాసార్లు అలాగే అయింది. ఫోన్ కెమెరాలో షటర్ స్పీడ్ 1/500 సెకను దగ్గర పెట్టి, వెలుతురు పెంచండి. నేనైతే వీడియో తీసి, అందులో బాగున్న ఫ్రేమ్ ఏరుకుంటాను.