టెక్ సందేహాలు: గోడ పక్కన పెట్టాలంటే ఏ బ్రిటిష్ స్పీకర్?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. హాలు 12 x 11 అడుగులు. స్పీకర్లను అల్మరా మీద, గోడకు 8 అంగుళాల దూరంలోనే పెట్టగలను. యాంప్లిఫయర్ 8 ఓమ్‌ల దగ్గర 40 వాట్లు. వినేది పాత సినిమా పాటలు, కచేరీలు. వార్ఫ్‌డేల్ లింటన్, కెఫ్ ఎల్ఎస్50 మెటా, హార్బెత్ పీ3ఈఎస్ఆర్‌లలో ఏది కొనాలి? పాత ఎల్ఎస్3/5ఏ దొరికితే తీసుకోవచ్చా?

జవాబు: ఆ 8 అంగుళాలను బట్టే ఎంచుకోండి. లింటన్‌కీ, ఎల్ఎస్50 మెటాకీ గాలి వదిలే పోర్ట్ వెనక ఉంటుంది. బేస్‌ను అదే పెంచుతుంది, దగ్గర్లోని గోడ ఇంకాస్త పెంచుతుంది. దాంతో మృదంగంలో తొప్పి దెబ్బ విడిగా తెలియకుండా మోతలా సాగుతుంది, ఘంటసాల గొంతు బొంగురుగా వినిపిస్తుంది.

పీ3ఈఎస్ఆర్ పోర్ట్ లేని, అన్ని వైపులా మూసిన పెట్టె. స్వరం కిందికి దిగేకొద్దీ దాని బేస్ మెల్లగా తగ్గుతుంది కాబట్టి గోడ ఇచ్చే ఊతం దానికి మేలే చేస్తుంది. మీకు నా ఓటు దీనికే. స్పీకర్ ముందు భాగం అల్మరా అంచుతో సమంగా ఉండాలి. లోపలికి నెడితే చెక్క మీద పడి తిరిగొచ్చే శబ్దం గొంతు స్పష్టతను చెడగొడుతుంది. ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని, పై స్వరాలు పలికే చిన్న భాగం) మీరు కూర్చున్నప్పటి చెవి ఎత్తుకు రావాలి. అల్మరా ఎత్తయితే స్పీకర్ వెనక అంచు కింద రబ్బరు ముక్కలు పెట్టి ముందుకు వంచండి.

పీ3ఈఎస్ఆర్ సెన్సిటివిటీ, అంటే ఒక వాట్‌కు ఎంత శబ్దం ఇస్తుందో చెప్పే అంకె, 83.5 డెసిబెల్స్, లింటన్‌ది 90. అంటే లింటన్‌కు ఒక వాట్‌తో వచ్చే శబ్దానికి దీనికి దాదాపు నాలుగున్నర వాట్లు కావాలి. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని వినడానికి 40 వాట్లు చాలు, ఇంటినిండా హోరెత్తించడానికి చాలవు. వాల్యూమ్ పెంచినకొద్దీ శబ్దం గరుకెక్కితే వెంటనే తగ్గించండి. యాంప్లిఫయర్ శక్తికి మించి లాగితే ముందు కాలేది ట్వీటరే.

గోడకు రెండడుగులు ముందుగా స్టాండ్‌లు వేయగలిగితే మాత్రం ఎల్ఎస్50 మెటా చాలా బాగుంటుంది. ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద భాగం) నడిమధ్యలోనే ట్వీటర్ ఉండటంతో సోఫా రెండు చివర్ల కూర్చున్నవాళ్లకూ గొంతు ఇంచుమించు ఒకేలా వినిపిస్తుంది. దాని ఇంపిడెన్స్ (యాంప్లిఫయర్ నుంచి వచ్చే కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం, ఓమ్‌లలో కొలుస్తారు) కొన్ని స్వరాల దగ్గర 4 ఓమ్‌ల కిందికి దిగుతుంది, అందుకని యాంప్లిఫయర్ 4 ఓమ్‌లను తట్టుకుంటుందో లేదో వెనక చూసుకోండి. లింటన్ పెద్ద గదుల స్పీకర్, మీ హాలుకు వద్దు.

ఎల్ఎస్3/5ఏను బీబీసీ 1970లలో చిన్న వ్యాన్లలో ప్రసార శబ్దాన్ని పరీక్షించడానికి తయారుచేసింది. మాట, గొంతు సహజంగా ఉండాలన్నదే దాని గురి. రోజర్స్, స్పెండార్ లాంటి కంపెనీలు లైసెన్సు మీద చేశాయి. మీ గదికి సరిపోతుంది, కానీ చూసి కొనాలి. మొదటివి 15 ఓమ్‌లవి, 1980ల చివరి నుంచి వచ్చినవి 11 ఓమ్‌లవి. జతలో రెండూ ఒకే రకం కావాలి. 15 ఓమ్‌ల మీద మీ యాంప్లిఫయర్ ఇవ్వగలిగేది సుమారు 21 వాట్లే. ట్వీటర్ చుట్టూ అతికించిన ఫెల్ట్ (దళసరి మెత్తటి గుడ్డ) ఊడిపోకూడదు. ఒక్కో దాని దగ్గర చెవి పెట్టి వినండి: ‘స’, ‘ష’ మొద్దుబారితే ట్వీటర్ పోయినట్టే.

ఏది తెచ్చినా తీగలు బిగించాక ఒక పాత మోనో పాట (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) వేయండి. గొంతు రెండు స్పీకర్ల నడుమ ఒకే చోట నిలవాలి. అలా నిలవకుండా చెదిరి, బేస్ పలచబడితే ఒకవైపు ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. యాంప్లిఫయర్ ఆపి, ఆ ఒక్క వైపు మార్చండి.