మేసిన గడ్డికి ఉపగ్రహం లెక్క చెప్పగలదా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు, గొర్ల కాపరుల కుటుంబం. మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ బీజడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) చివరి సంవత్సరం చదువుతోంది. మేత భూముల్లో గడ్డి ఎంత పెరుగుతుంది, అది గాలిలోని కార్బన్‌ను ఎంత పట్టుకుంటుంది అన్నది ఉపగ్రహాల సాయంతో పరిశోధిస్తానంటోంది. మేము బీఎడ్ చేయమంటున్నాం. గడ్డి మీద చదువుకు ఉద్యోగం ఉంటుందా? పదో తరగతి తర్వాత లెక్కలు చదవని పిల్లకు ఇది చేతనవుతుందా? – ఒక తండ్రి, హనుమకొండ జిల్లా

జవాబు: అయ్యా, మీ అమ్మాయి ఎంచుకున్న విషయం వినడానికి కొత్తగా ఉన్నా, దాని మూల ప్రశ్న మీకు తెలియనిది కాదు. వానలు పడ్డాక బంచరాయిలో మంద ఎన్నాళ్లు మేస్తుందో, ఎప్పుడు మరో చోటికి తోలుకుపోవాలో మీరు ఏటా అంచనా వేస్తూనే ఉన్నారు. ఆ అంచనాను కొలతగా మార్చడమే ఈ పరిశోధన. ఇందులోని అసలు చిక్కు ఏమిటో మీకు అర్థమైతే మీ అమ్మాయికి ఈ దారి సరిపోతుందో లేదో మీరే తేల్చుకోగలరు కాబట్టి, ముందు దాని గురించే రాస్తాను.

పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని, మన కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఎన్‌డీవీఐ అంటారు. నేల మీద పచ్చదనం ఎంతుందో అది సూచిస్తుంది. ఆకులు పీల్చిన కాంతికీ, అవి తయారుచేసే పదార్థానికీ లెక్క కుదురుతుందని 1972లో మాంటీత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త చూపించిన పద్ధతి మీదే నేటికీ ఉపగ్రహ అంచనాలు చాలావరకు నడుస్తున్నాయి. అయితే మొక్క గాలి నుంచి తీసుకున్న కార్బన్‌లో దాదాపు సగాన్ని తన శ్వాసక్రియలోనే తిరిగి వదిలేస్తుంది, మట్టిలోని సూక్ష్మజీవులు మరికొంత వదులుతాయి. ఈ రాకపోకల్లో చివరకు మిగిలేదెంతో తెలియాలంటే ఎడ్డీ కోవేరియన్స్ టవర్ కావాలి. గాలి కదలికనూ అందులోని కార్బన్ డయాక్సైడ్‌నూ సెకనుకు పది, ఇరవై సార్లు కొలిచే పరికరాలను దానికి అమర్చి, అరగంటకొక సగటు తీస్తారు.

మేత భూమిలో ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణతో చూడండి. చదరపు మీటరు నేలలో ఎండు బరువు 90 గ్రాముల గడ్డి ఉందనుకుందాం. పక్కనే అలాంటి మరో మీటరు నేల మీద గొర్రెల మూతి దూరకుండా ఇనుప జాలీ పెట్టె బోర్లించి, నెల తర్వాత రెండు చోట్లా గడ్డి కోసి, ఆరబెట్టి తూచామనుకుందాం. జాలీ లోపల 180 గ్రాములు, బయట 110 గ్రాములు ఉంటే, ఆ నెలలో పెరిగింది 90 గ్రాములు, మంద తిన్నది 70 గ్రాములు. పైనున్న ఉపగ్రహానికి మాత్రం 90 కాస్తా 110 అయినట్లే కనిపిస్తుంది. నిలిచి ఉన్న గడ్డినే చూసి లెక్క కట్టేవారు పెరుగుదల 20 గ్రాములే అనుకుని, బాగా పండిన నేలను కూడా పాడైపోయిన నేల అని రాసేసే ప్రమాదం ఉంది. ఎండు గడ్డిలో కార్బన్ సుమారు 45 శాతం కాబట్టి ఆ పొరపాటు కార్బన్ లెక్కలోకీ పాకుతుంది. తిన్న 70 గ్రాములలోని కార్బన్‌లో కొంత పేడగా అదే నేలకు చేరుతుంది, కొంత గొర్రె ఊపిరితోనూ త్రేన్పులలోని మీథేన్‌తోనూ గాలిలో కలుస్తుంది, మీరు పత్తి చేలో రాత్రిపూట మంద పెడితే పేడలోని భాగం ఆ చేనుకు పోతుంది. మంద ఏ రోజు ఎక్కడ మేసింది, ఎక్కడ పడుకుంది అన్న వివరం లేకుండా ఈ లెక్క పూర్తికాదు, ఆ వివరం మీ ఇంట్లో ఉంది.

మన ప్రాంతపు చిక్కులు మరికొన్ని ఉన్నాయి. గడ్డి ఏపుగా పెరిగే జూన్–సెప్టెంబరు నెలల్లోనే ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది కాబట్టి, మామూలు చిత్రాలతో పాటు మబ్బుల గుండా చూడగల రాడార్ చిత్రాలు కూడా అవసరమవుతాయి. 2025 జూలైలో శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ ఉపగ్రహం ఈ కోవకే చెందుతుంది. గడ్డి పలచగా ఉన్నచోట ఎర్ర చెల్క, నల్ల రేగడి రంగులు ఎన్‌డీవీఐ సంఖ్యను వేర్వేరుగా మారుస్తాయి. ఎండాకాలంలో గడ్డి ఎండిపోయినా సర్కారు తుమ్మ పచ్చగానే నిలిచి మోసం చేస్తుంది. చిత్రంలోని గడి పరిమాణమూ ముఖ్యమే. ప్రపంచమంతటికీ నాసా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం ఇచ్చే ఉత్పాదకత లెక్కలో ఒక గడి పొడవు, వెడల్పు 500 మీటర్లు, అంటే 60 ఎకరాల పైచిలుకు. అందులో మీ బంచరాయి, చెరువు, పత్తి చేలు అన్నీ కలిసిపోతాయి. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహపు గడి 10 మీటర్లే కాబట్టి పదెకరాల బంచరాయిలో 400 గడులు దొరుకుతాయి.

ఇక చదువు సంగతి. లెక్కలు లేకపోవడం నిజంగానే లోటు, దాన్ని దాచి లాభం లేదు. గణాంకశాస్త్రం, పైథాన్ లేదా ఆర్ భాషలో ప్రోగ్రామింగ్ వచ్చే ఏడాదిలోగా నేర్చుకోకపోతే ఈ రంగంలో ముందుకు సాగడం కష్టం. గడ్డి జాతులను గుర్తుపట్టగల బాటనీ విద్యార్థికి గణాంకాలు నేర్పడం సులభం; లెక్కలు వచ్చినవారికి గడ్డి గురించి నేర్పడమే సులభమని అందరూ తిరగేసి అనుకుంటారు. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్ఎస్ అనే సంస్థ రిమోట్ సెన్సింగ్‌పై, అంటే ఉపగ్రహాల వంటి వాటితో దూరం నుంచే కొలిచే విద్యపై, ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. ఉపగ్రహ చిత్రాలపై లెక్కలు చేసిపెట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్ విద్యార్థులకు ఉచితం, లెక్కలన్నీ వారి సర్వర్లపైనే జరుగుతాయి కనుక మామూలు ల్యాప్‌టాప్ చాలు. వేలకు వేలు గుంజే జీఐఎస్ (కంప్యూటర్ పటాల) శిక్షణ కేంద్రాల జోలికి మాత్రం వెళ్లకండి, వాటిలో చాలామటుకు పటాలు గీయడంతోనే సరిపెడతాయి.

ఎమ్మెస్సీకి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గానీ, బీజడ్‌సీ వారిని చేర్చుకునే చోట జియోఇన్ఫర్మాటిక్స్ గానీ మంచిది. తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే నెలసరి వేతనం) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అంటే పీహెచ్‌డీ కాలంలో ఆమె మీపై ఆధారపడదు. అయితే పీహెచ్‌డీ ముగిసేసరికి ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిదేళ్లు వస్తాయి. పెళ్లి మాట ముందే తెస్తారని తెలుసు కాబట్టి ఈ సంగతి ఇప్పుడే చెబుతున్నాను.

ఉద్యోగాల విషయానికొస్తే, కేవలం గడ్డిభూముల కార్బన్ అనే పేరుతో ఖాళీలు మన దేశంలో తక్కువే. హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం), ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధన సంస్థ, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ వంటి చోట్ల ప్రాజెక్టు ఉద్యోగాలు మొదట దొరుకుతాయి. శాశ్వత ఉద్యోగానికి పోటీ తీవ్రంగా ఉంటుంది. కానీ ఇదే నైపుణ్యంతో పంటల అంచనా, అడవుల లెక్క, కరవు పర్యవేక్షణ పనులు చేయవచ్చు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ తయారుచేసిన బంజరు భూముల అట్లాస్‌లో పొదల భూములు, క్షీణించిన మేత భూములు కూడా బంజరు పద్దులోనే ఉన్నాయి. ఆ పద్దును ప్రశ్నించాలంటే నేల మీద తూచిన అంకెలు కావాలి, అటువంటి అంకెలు మన దగ్గర చాలా తక్కువ.

బీఎడ్ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయవచ్చు. ఇప్పటికి మాత్రం వెల్డింగ్ షాపులో మూడు జాలీ పెట్టెలు చేయించి, వచ్చే తొలకరికి మీ బంచరాయిలో పెట్టించండి. పదిహేను రోజులకోసారి లోపలా బయటా కోసి, తూచి, మంద ఆ రోజు ఎటు పోయిందో మీ నోట విని ఆమెనే నోటుపుస్తకంలో రాయమనండి. ప్రతి కోత తర్వాత పెట్టెను కొత్త చోటికి మార్చడం మరవవద్దు. దసరా నాటికి ఆ పుస్తకం తీసుకుని నా దగ్గరికి రండి, పరిశోధన మార్గదర్శకుడికి ఏమని ఉత్తరం రాయాలో అప్పుడు కూర్చుని చూద్దాం.