సీడీ ప్లేయర్ కొనేముందు

చి. కిరణ్‌కి ఆశీస్సులు.

ఇంట్లో ఉన్న సీడీలన్నీ మళ్లీ వినాలని ఉందనీ, ఈసారి మంచి ప్లేయర్ కొంటాననీ, సౌండ్ మాత్రం వార్మ్‌గా, అంటే చెవికి మెత్తగా, సహజంగా ఉండాలనీ రాశావు. మూడు లక్షల దాకా పెట్టగలనన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాసి పంపిస్తున్నాను.

ముందు నీ గది సంగతి. హాలంతా టైల్స్, ఒక పక్క నిలువెత్తు గాజు తలుపులు, ఎదురు గోడ బోడిగా ఉంటుంది. అలాంటి గదిలో ఎంత ఖరీదైన ప్లేయర్ పెట్టినా ట్రెబుల్, అంటే పై స్థాయి శబ్దాలు, గోడలకు కొట్టుకుని చెవిలో గుచ్చుకుంటుంది. స్పీకర్లకీ నువ్వు కూర్చునే చోటుకీ మధ్య మందపాటి తివాచీ పరిచి, గాజు తలుపులకు బరువైన కర్టెన్లు వేయించు. ప్లేయర్ మార్చితే వచ్చే తేడా కంటే ఇది ఎక్కువ. అప్పటికీ గొంతులు పల్చగా వినిపిస్తుంటే స్పీకర్లను అనుమానించు. ప్లేయర్ వంతు ఆ తర్వాతే. షాపుల్లో ఈ వరస తలకిందులుగా చెబుతారు, వాళ్ల వ్యాపారం వాళ్లది.

డిస్కుల్లోనూ తేడాలున్నాయి. ఘంటసాల కాలం నాటి మోనో పాటల్ని సీడీలకెక్కించేటప్పుడు కొన్నిటిలో బుస తీసేయడానికి నాయిస్ రిడక్షన్ మరీ గట్టిగా వాడారు. బుసతో పాటు గాయకుడి ఊపిరీ పోయింది. పోయినదాన్ని ఏ ప్లేయరూ తిరిగి తేలేదు. ఆ డిస్కుల్ని మెత్తబరచడానికని ప్లేయర్ కొంటే, బాగా రికార్డయిన కచేరీలు మొద్దుబారిపోతాయి. అందుకే నీ దగ్గరున్న వాటిలో మేలైన డిస్కులు పట్టుకెళ్లి ఎంచుకో.

ఇక పెట్టె లోపలి సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదువు. సీడీ మీద ఉన్నది సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచి రాసుకున్న అంకెలు, ఒక్కోటి 16 బిట్లు. అందరికీ అదే సమాచారం. దాన్ని సంగీతంగా మార్చే దారిలోనే తేడాలన్నీ. 1982లో సోనీ తెచ్చిన సీడీపీ-101లో ఆ అంకెల్ని శబ్దంగా మార్చే 16 బిట్ల కన్వర్టర్ చిప్ ఉంది, దాని వెనక మన చెవికి అందే హద్దయిన 20 కిలోహెర్ట్జ్ దాటగానే శబ్దాల్ని నిట్టనిలువుగా కోసేసే అనలాగ్ ఫిల్టర్. అదే తరం ఫిలిప్స్ సీడీ100లో ఉన్నది 14 బిట్లే. కానీ నాలుగింతల ఓవర్‌శాంప్లింగ్ చేసి, అంటే శాంపిళ్ల మధ్య లెక్కగట్టిన అంకెలు చేర్చి సంఖ్యను నాలుగింతలు పెంచి, కోత పని చాలావరకు డిజిటల్‌గా ముగించి, చివర్లో తేలికపాటి ఫిల్టర్ పెట్టారు. లెక్కల్లో సోనీది పైచేయి, చాలామంది చెవులకు మాత్రం ఫిలిప్స్ హాయిగా అనిపించింది. ఆ తర్వాత వచ్చిన ఫిలిప్స్ టీడీఏ1541 చిప్ ఉన్న పాత ప్లేయర్ల కోసం ఇప్పటికీ వెతికేవాళ్లున్నారు. చిప్ పేరు చూసి మోజుపడకు. ఆ తర్వాత వచ్చే అనలాగ్ అవుట్‌పుట్ సర్క్యూట్, పవర్ సప్లై ఎలా కట్టారన్నదే నా దృష్టిలో ముఖ్యం.

వార్మ్ అని అమ్మేవాటిలో రెండు రకాలను కాస్త జాగ్రత్తగా చూడు. ఒకటి, ఆడియో నోట్ కంపెనీ వాళ్లు చేసేలాంటి ఓవర్‌శాంప్లింగ్ లేని రకం. వేరే సర్దుబాటు చేయకపోతే అందులో 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్ దానంతటదే తగ్గుతుంది, మెత్తదనంలో కొంత అక్కడి నుంచే వస్తుంది. రెండోది అవుట్‌పుట్‌లో వాల్వులు, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు, పెట్టినవి. సాధారణంగా అవి కొంచెం సెకండ్ హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం ఉన్న నాదం, కలుపుతాయి, గొంతుకూ వీణకూ అది అందంగానే ఉంటుంది. మృదంగం మీద వేగంగా పడే దెబ్బలు విడివిడిగా వినిపిస్తున్నాయో లేదో చూసుకుని తీసుకో. వాల్వులు అరుగుతాయి, మార్చాల్సి వస్తుందని కూడా గుర్తుంచుకో.

ఆధునిక ప్లేయర్లు కొన్నిటిలో డిజిటల్ ఫిల్టర్‌ను రిమోట్‌తో మార్చుకోవచ్చు. మరాంట్జ్ సీడీ6007 లాంటి చిన్న మోడల్‌లోనే రెండు ఫిల్టర్లున్నాయి. తేడా చాలా సన్నం, దానికోసం అదనంగా డబ్బు పెట్టకు.

డెమో దగ్గర నేనైతే ఇలా చేస్తాను. బాలమురళి మంద్రంలో ఆలాపన చేసిన చోటు, చిట్టిబాబు వీణ, ద్వారం వారి శిష్యపరంపరలో ఎవరిదైనా మంచి వయొలిన్ రికార్డింగ్ పెట్టిస్తాను. ముందు తంబురా విను: తీగ మీటిన క్షణం, ఆ తర్వాత సాగే జీర రెండూ తెలియాలి. జీర మాయమైతే మెత్తదనం పేరుతో వివరం పోయినట్టే. తర్వాత గొంతులో స, శ అక్షరాలు. అవి ఈలలా వినిపిస్తే ఆ పెట్టె వదిలెయ్. రెండు ప్లేయర్లను పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉండాలి. సీడీ ప్లేయర్ అవుట్‌పుట్ మామూలుగా 2 వోల్టులు, కొన్ని ఇంకాస్త ఎక్కువ ఇస్తాయి. కొద్దిగా గట్టిగా మోగేదే మనకు నిండుగా అనిపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. ఏది మోగుతోందో నీకు తెలియకుండా మార్చమని కోడలికి చెప్పు. హడావుడి పడకు, గంటసేపైనా కూర్చో.

పేర్లు అడిగావు కాబట్టి: మరాంట్జ్ ఎస్ఏసీడీ 30ఎన్, లక్స్‌మన్ డీ-03ఎక్స్, రేగా శాటర్న్ విను. నీ అభిరుచికి లక్స్‌మన్ దగ్గరవుతుందని నా ఊహ. రేగాలో తాళం నడక బాగుంటుంది. మామూలు సీడీ కంటే ఎక్కువ సమాచారం పట్టే ఎస్ఏసీడీ డిస్కులు నీ దగ్గర లేవు కదా, ఆ ఫీచర్ కోసమని ఎక్కువ పెట్టకు.

సెకండ్ హ్యాండ్‌ది చూస్తే సౌండ్ కంటే ముందు లేజర్ సంగతి అడుగు. పాత ఫిలిప్స్ ప్లేయర్లలో లేజర్‌ని ఊగే చేతి మీద మోసే స్వింగ్ ఆర్మ్ మెకానిజంలు ఇప్పుడు తయారు కావడం లేదు. అది పోతే మిగిలేది బరువైన షోపీసే. నిడివి ఎక్కువున్న డిస్కు వేసి చివరి పాట పెట్టు. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి లేజర్ దారి తప్పే ట్రాకింగ్ లోపం అంచు దగ్గరే ఎక్కువగా బయటపడుతుంది. జపాన్ నుంచి వచ్చినదైతే అది 100 వోల్టులది, అమెరికా నుంచి మీ బావమరిది తెస్తే 120. మన 230 వోల్టుల సాకెట్లో నేరుగా పెడితే అంతే సంగతులు. వెనక ప్లేటు మీద వోల్టేజి చదివాకే డబ్బులివ్వు.

కేబుళ్లకు వేలు తగలేయకు, గట్టిగా పట్టుకునే మామూలు ఆర్‌సీఏ వైరు చాలు. మీది సముద్రం పక్క ఊరు, ఆ ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి. ఆర్నెల్లకోసారి తీసి తుడిచి పెట్టు. ప్లేయర్‌ని యాంప్లిఫయర్ నెత్తిన పెట్టకు, ఆ వేడి దానికి పడదు.

డెమో తేదీ ఖరారైతే చెప్పు. నా దగ్గరున్న వీణ సీడీలు రెండు కొరియర్ చేస్తాను, తిరిగి ఇవ్వాలి సుమా.

మీ బాబాయి