ఆఫీసు దగ్గరైంది, కానీ ఇంటికి వెళ్లాలనిపించడం లేదు

ప్రశ్న: పాత ఇంటి నుంచి ఆఫీసుకి 14 కిలోమీటర్లు సైకిల్ మీదే వెళ్లేవాణ్ణి, తిరిగి ఇల్లు చేరేసరికి నాన్న పడుకునే వేళయ్యేది. ఇప్పుడు అదే ఊళ్లో ఆఫీసుకి 3 కిలోమీటర్ల దూరంలోకి మారాం. 12 నిమిషాల్లో చేరిపోతున్నాను. బరువు పెరిగాను, చిరాకు ఎక్కువైంది. సాయంత్రం కింద సైకిల్‌కి తాళం వేశాక కూడా పైకి వెళ్లకుండా ఫోన్ చూస్తూ అక్కడే నిలబడుతున్నాను. తలుపు తీయగానే నాన్న ‘త్వరగా వచ్చేశావే’ అంటారు, ఒళ్లు మండుతుంది. ఆయన చెప్పిన ఉద్యోగంలో చేరలేదని మొదలైన కోపం, ఇప్పటికీ మా మధ్య మాటలు తక్కువ. మందులు అయిపోయినా, ఇంకేదున్నా మా ఆవిడతోనే చెప్పిస్తారు. రోజూ చుట్టుదారిలో తిరిగి రమ్మంటారా, సైకిల్ మానేసి జిమ్‌లో చేరమంటారా?

జవాబు: జిమ్ అక్కర్లేదు, సైకిల్ మానొద్దు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీకిప్పుడు రానూపోనూ కలిపి ఐదు రోజులకి 120 నిమిషాలే అవుతోంది. వారంలో రెండు రోజులు పొద్దున్నే అరగంట ముందు బయల్దేరి చుట్టూ తిరిగి వెళ్లండి, సరిపోతుంది. అంత దూరం తొక్కిన రోజుల్లో తిన్నట్టే ఇప్పుడూ తింటుంటే బరువు పెరగక ఏం చేస్తుంది? కాస్త తగ్గించండి. అయితే చుట్టుదారి పొద్దున మాత్రమే. సాయంత్రం తిన్నగా ఇంటికి రండి.

ఎందుకంటే మీ బాధ సైకిల్ గురించి కాదు. పాత ఇంట్లో మీరు చేరేసరికి బాగా పొద్దుపోయేది, మీ నాన్నగారు పడుకునే వేళయ్యేది. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ ఎదురుపడకుండా ఏళ్లు గడిపేశారు. ఆ దూరమే మిమ్మల్ని కాపాడింది. ఇప్పుడది పోయింది, ఆయన మెలకువగా కూర్చుని ఉండగానే మీరు గుమ్మంలో ఉంటున్నారు.

‘త్వరగా వచ్చేశావే’ అన్న మాటలో మీకు దెప్పిపొడుపు వినిపిస్తోంది. నాకు అలా అనిపించలేదు. కొడుకుతో మాట కలపడం అలవాటు తప్పిన మనిషికి నోటికొచ్చిన మొదటి మాట అది. రోజంతా ఇంట్లోనే ఉండే పెద్దాయన, తాళం చప్పుడు విని మీరు పైకి వస్తారని చూస్తుంటారు. మీరు కింద ఫోన్ పట్టుకుని నిలబడ్డారన్నదీ ఆయనకి తెలిసే ఉంటుంది.

మీ ఆవిడ సంగతి కూడా ఆలోచించండి. ఆయన మందులు అయిపోయాయని మీకు చెప్పాల్సింది ఆవిడే, మీరు డబ్బులిచ్చారని ఆయనకి చెప్పాల్సిందీ ఆవిడే. తండ్రీకొడుకుల మధ్య కోడలు కబురు మోయడం నాకు అసలు నచ్చదు. అది ఆవిడ పని కాదు, మీ పని.

తలవంచమని అనడం లేదు. ఆ పాత ఉద్యోగం మాట ఎత్తితే ‘నాన్నా, నా పని నాకు బాగానే ఉంది, ఆ సంగతి వదిలేద్దాం’ అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. కొడుకైనంత మాత్రాన జీవితాంతం సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కానీ ఎదురుపడకుండా తప్పించుకు తిరగడాన్ని మాత్రం నేను ఆత్మగౌరవం అనలేను.

రేపటి నుంచి తాళం వేయగానే పైకి వెళ్లండి. ‘త్వరగా వచ్చేశావే’ అంటే ‘అవును నాన్నా, ఆఫీసు దగ్గరైంది కదా’ అని ఆయన పక్కనే కూర్చోండి. మందుల చీటీ ఎక్కడుందో మీరే అడిగి తీసుకోండి, అయిపోయినవి మీరే తెచ్చివ్వండి. మొదట్లో ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది. అయినా లేచి గదిలోకి వెళ్లిపోకండి.