మండే నైట్రోను ఇప్పుడు మళ్లీ చూస్తే

ఫలితాలు ముందే నిర్ణయించి కథలా నడిపే అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూసీడబ్ల్యూ వారి టీవీ కార్యక్రమం మండే నైట్రోకు అప్పట్లో వచ్చిన పేరంతా హల్క్ హోగన్ అనే పెద్ద తార వల్లనే వచ్చిందా, ఈ రోజుల్లో కూర్చుని చూడదగినదేనా, అంత వెలుగు వెలిగిన కార్యక్రమం ఆరేళ్లు నిండకుండానే ఎందుకు ఆగిపోయింది అని మీరు అడిగారు. ఈ మూడింటికీ నా దృష్టిలో సమాధానం ఒకచోటే ఉంది. నైట్రో ప్రాణం దాని మొదటి గంటలో, అంటే పెద్ద తారలు రాకముందు బరిలోకి దిగిన చిన్న శరీరాల మల్లుల్లో ఉండేది. కార్యక్రమాన్ని నడిపినవారు వారిని తెచ్చుకున్నారు, చూపించారు, కానీ పైకి రానివ్వలేదు.

నేను నైట్రోను మొదట చూసింది గుంటూరులో, బడిలో చదువుకునే రోజుల్లో. పగలంతా కార్టూన్లు చూపించే చానల్ రాత్రివేళ టీఎన్‌టీగా మారిపోయేది, అందులో వచ్చేది. మా తరగతిలో అందరి జేబుల్లోనూ ఉన్న ట్రంప్ కార్డులు పోటీ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వీరులవి కాబట్టి, నైట్రో గురించి మాట్లాడుకోవడానికి మా అన్నయ్య తప్ప నాకు మరొకరు దొరికేవారు కాదు. ఆ కార్డుల ఆటలో ఎత్తు, బరువు, ఛాతీ కొలత ఎవరికి ఎక్కువ ఉంటే వారిదే గెలుపు. నైట్రోలో మాత్రం అయిదున్నర అడుగుల రే మిస్టీరియో జూనియర్ పై తాడు మీద నుంచి గాలిలోకి లేచి, ప్రత్యర్థి మెడను కాళ్లతో పెనవేసి, ఆ ఊపుతోనే అతణ్ని విసిరేసేవాడు. ఉద్యోగంలో కుదురుకున్నాక 1995 నుంచి 2001 వరకు వచ్చిన భాగాలను వరుసగా చూశాను. ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా ఆ రెండోసారి చూసినప్పుడు తోచినదే.

నైట్రో 1995 సెప్టెంబరు 4న మిన్నెసోటా రాష్ట్రంలోని మాల్ ఆఫ్ అమెరికాలో మొదలైంది. టెడ్ టర్నర్ యాజమాన్యంలోని డబ్ల్యూసీడబ్ల్యూకు సారథి ఎరిక్ బిషాఫ్. విన్స్ మెక్‌మాన్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సోమవారం రాత్రి రా కార్యక్రమాన్ని నడుపుతుండగా, సరిగ్గా అదే రాత్రికి పోటీగా దీనిని నిలబెట్టారు. మొదటి రాత్రి మొదటి పోటీ జపాన్‌కు చెందిన జూషిన్ లైగర్‌కూ, బ్రయన్ పిల్‌మన్‌కూ మధ్య జరిగింది. ముందు రోజు వరకు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బరిలో ఉన్న లెక్స్ లూగర్ ఆ రాత్రి హఠాత్తుగా నైట్రోలో ప్రత్యక్షమయ్యాడు. రా భాగాలలో చాలావాటిని ముందే చిత్రించి పెట్టుకునేవారు. నైట్రో ప్రతి వారం ప్రత్యక్ష ప్రసారం కావడంతో, రా ఫలితాలను బిషాఫ్ ప్రసారంలోనే ముందుగా చెప్పేసేవాడు. అది మర్యాదైన పని కాదనే నేను ఇప్పటికీ అంటాను. అయినా ఏ క్షణంలో ఏమి జరుగుతుందో తెలియదన్న ఉత్కంఠ మాత్రం నైట్రోకు నిజంగానే ఉండేది.

1996 మే 27న ఆ ఉత్కంఠ పతాకస్థాయికి చేరింది. ఒక సాధారణ పోటీ నడుస్తుండగా, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ను వదిలిన స్కాట్ హాల్ ప్రేక్షకుల మధ్య నుంచి నడిచివచ్చి మైకు అందుకుని, నేనెవరో మీకు తెలుసు, ఎందుకు వచ్చానో మాత్రం మీకు తెలియదు అన్నాడు. కొద్ది రోజులకు అక్కడి నుంచే వచ్చిన కెవిన్ నాష్ అతనితో కలిశాడు. జూలై 7న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో, దశాబ్దానికి పైగా పిల్లల ఆరాధ్య వీరుడిగా ఉన్న హోగన్ వారి పక్షాన చేరి ప్రతినాయకుడయ్యాడు. ఆ ముఠాయే ఎన్‌డబ్ల్యూఓ. దాని బలంతో నైట్రో వరుసగా ఎనభైకి పైగా వారాలు రా కంటే ఎక్కువ రేటింగు సాధించింది. కాబట్టి హోగన్ పాత్రను తక్కువ చేయడం అన్యాయమవుతుంది. అయితే ఇప్పుడు తిరిగి చూసేవారికి ఎన్‌డబ్ల్యూఓ ఘట్టాలు మొదటి ఆరు నెలలు దాటాక ఒకే తీరుగా అనిపిస్తాయి. ముఠా వస్తుంది, సుదీర్ఘంగా మాట్లాడుతుంది, పోటీని చెడగొడుతుంది, సమయం అయిపోతుంది.

అదే రాత్రుల్లో మొదటి గంట చూడండి. ఎడ్డీ గెరెరో, డీన్ మాలెంకో, అల్టిమో డ్రాగన్, హువెంతూద్ గెరెరా, సికోసిస్, క్రిస్ జెరికో వంటివారు మెక్సికో, జపాన్, కెనడా పద్ధతులన్నీ కలిపి ఆడిన పోటీలు ఇప్పటికీ పాతబడలేదు. మెక్సికోలో ఎగిరి దూకే లూచా లిబ్రే అనే కుస్తీకీ, జపాన్‌లో తేలిక బరువువారి వేగానికీ దీర్ఘమైన సంప్రదాయం ఉంది. అమెరికాలో వారం వారం అంతమంది ప్రేక్షకుల ముందు దానిని నిలబెట్టిన ఘనత నైట్రోదే. మైక్ టెనే అనే వ్యాఖ్యాత ప్రతి ఎత్తుకూ దాని పేరు, అది పుట్టిన చోటు చెబుతుంటే, చూసేవాడికి ఆటతోపాటు చదువూ అబ్బేది.

వీరిది ఎగురుడు విద్య ఒక్కటే అనుకోవద్దు, కథ నడపడంలోనూ వీరే ముందున్నారు. మాలెంకోకు వెయ్యి పట్లు తెలిసిన మనిషి అని బిరుదు. 1998 మార్చి 30న జెరికో పొడవాటి కాగితాల చుట్ట పట్టుకుని బరిలోకి వచ్చి, తనకు వెయ్యిన్నాలుగు పట్లు తెలుసంటూ ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. మధ్యమధ్య ఆర్మ్‌బార్ అనే మామూలు చేతి పట్టునే మళ్లీ మళ్లీ చదువుతాడు. ప్రకటనల విరామం వచ్చి వెళ్లాక కూడా చదువుతూనే ఉన్నాడు, జనం అరుస్తూనే ఉన్నారు. ఆ వెక్కిరింపులు వారాల తరబడి సాగి, మాలెంకో కుటుంబం మీదికి కూడా పోయాయి. మే నెలలో స్లామ్‌బోరీ అనే ప్రత్యేక ప్రదర్శనలో, జెరికోతో తలపడే హక్కు కోసం పలువురి మధ్య జరిగిన పోటీలో సిక్లోప్ అనే ముసుగు వీరుడు గెలిచాడు. అతడు నిదానంగా ముసుగు తీశాడు, లోపల ఉన్నది మాలెంకో! ఆ క్షణాన ఆ మందిరంలో లేచిన కేక ఎంతోమంది పెద్ద తారలకు కూడా దక్కనిది. ఎవరినీ కొత్తగా కొనుక్కురాకుండా, కొన్ని వారాల ఓపికతో ఇద్దరు మధ్యస్థాయి మల్లులు సాధించిన కేక అది. రెండోసారి చూసినప్పుడు నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన ఘట్టం ఇదే.

గోల్డ్‌బర్గ్ సంగతి వేరు. అతడు 1997 సెప్టెంబరులో వచ్చి, అందరినీ నిమిషాల్లో ఓడిస్తూ పోయాడు. 1998 జూలై 6న అట్లాంటాలోని జార్జియా డోమ్‌లో, దాదాపు 40,000 మంది ఎదుట, ముందు స్కాట్ హాల్‌ను, తరువాత హోగన్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. అతడు జార్జియా విశ్వవిద్యాలయం తరఫున, తరువాత అట్లాంటా ఫాల్కన్స్ తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు కాబట్టి అది సొంత జనం పండుగ. డబ్బు కట్టి చూసే ప్రత్యేక ప్రదర్శనకు దాచుకోదగిన పోటీని ఒక్క రాత్రి రేటింగు కోసం ఉచితంగా ఇచ్చేశారని విమర్శకులు అంటారు, ఆ లెక్క నిజమే. నాకు అంతకంటే పెద్ద లోపంగా తోచేది తరువాత జరిగినది. డిసెంబరు 27న స్టార్‌కేడ్ అనే ప్రత్యేక ప్రదర్శనలో నాష్ అతడి విజయపరంపరను తెంచాడు. 1999 జనవరి 4న మళ్లీ అదే జార్జియా డోమ్‌లో, హోగన్ ఒక వేలితో ఛాతీ మీద తాకగానే నాష్ వెల్లకిలా పడిపోయి టైటిల్‌ను అప్పగించాడు. జూలైలో జనం ఒళ్లు మరిచి అరిచిన చోటనే, ఆరు నెలలు తిరగకముందే పీఠం మళ్లీ పాతవారి చేతికి చేరింది. ఆ రాత్రే, ముందుగా చిత్రించిన రాలో మిక్ ఫోలీ ప్రపంచ టైటిల్ గెలవబోతున్నాడని నైట్రో వ్యాఖ్యాత పై నుంచి వచ్చిన ఆదేశంతో ఎగతాళిగా చెప్పాడు. ఆ మాట వినగానే లక్షల మంది ఫోలీ గెలుపు చూడటానికి రాకు మళ్లారు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న మనిషి శిఖరానికి చేరడాన్ని జనం కోరుకున్నారు. అటువంటి మనుషులు నైట్రో మొదటి గంట నిండా ఉన్నారు.

1998 ఏప్రిల్‌లోనే రా తిరిగి ముందుకు వచ్చింది. స్టీవ్ ఆస్టిన్ వంటి కొత్త తార అటు ఎదుగుతుంటే, ఇటు రాత్రిని మూడు గంటలకు సాగదీసి, థండర్ అనే మరో వారపు కార్యక్రమాన్ని కూడా తలకెత్తుకున్నారు. 1999 ఫిబ్రవరిలో రే మిస్టీరియో చేత బలవంతంగా ముసుగు తీయించారు. మెక్సికో సంప్రదాయంలో ముసుగు మల్లుడికి ఎంతటి గౌరవమో తెలిసినవారికి అది చూడటం బాధగా ఉంటుంది. ఆ ఏడాదే జెరికో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు వెళ్లిపోయాడు. 2000 జనవరిలో గెరెరో, మాలెంకో, వారితోపాటు బెన్వా, సాటర్న్ అనే మల్లులు, నలుగురూ ఒకేసారి అక్కడికే వెళ్లిపోయారు. ఆ తరువాత జెరికో, గెరెరో, మిస్టీరియో ముగ్గురూ అక్కడ ప్రపంచ టైటిళ్లు గెలిచారు. డబ్ల్యూసీడబ్ల్యూ ఇంట్లో ఏమి పెట్టుకుని ఏమి చూడలేదో చెప్పడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కరలేదు.

2001 మార్చిలో టర్నర్ చానళ్లు రెజ్లింగ్‌ను వద్దనుకోవడంతో మెక్‌మాన్ డబ్ల్యూసీడబ్ల్యూను కొనేశాడు. మార్చి 26న ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో చివరి నైట్రో జరిగింది. మొదటి రాత్రి తలపడిన రిక్ ఫ్లెయిర్, స్టింగ్‌లే చివరి పోటీ ఆడి, అయ్యాక కౌగిలించుకున్నారు.

మీరు కొత్తగా మొదలుపెట్టేట్లయితే 1996 మే 27 భాగం నుంచి 1998 జూలై వరకు వరుసగా చూడండి. సుదీర్ఘ ప్రసంగాలు విసుగనిపిస్తే దాటవేయండి కానీ మొదటి గంటను మాత్రం వదలకండి. ఆ తరువాతివాటిలో 1998 సెప్టెంబరు 14 నాటిది తప్పక చూడాలి. యాజమాన్యంతో వివాదం వల్ల నెలల తరబడి దూరంగా ఉన్న ఫ్లెయిర్, దక్షిణ కరొలైనాలోని గ్రీన్‌విల్‌లో తిరిగి వచ్చి, సొంత ప్రాంతపు జనం ముందు కన్నీళ్లు పెట్టుకుని, మరుక్షణమే బిషాఫ్ మీద విరుచుకుపడ్డాడు. 1999 అక్టోబరు 4న కాన్సాస్ సిటీలో, తమ్ముడు ఓవెన్ ప్రాణాలు కోల్పోయిన మందిరంలోనే అతని స్మృతిగా బ్రెట్ హార్ట్ ఆడిన పోటీని కూడా చూడండి. ఆ పాడు కాలంలోనూ వారు దానికి కావలసినంత సమయం ఇచ్చి, ఎవరినీ అడ్డు రానివ్వకుండా పూర్తిగా ఆడనిచ్చారు.