ఆకాశంలో వినపడింది పేలుడేనా?

సందేహం: మేం బెంగళూరులో ఉంటాం. 2020 మే 20న మధ్యాహ్నం పెద్ద శబ్దం వచ్చి మా కిటికీలు అదిరాయి. అది శబ్దం కంటే వేగంగా పోయే విమానం వల్ల వచ్చే సోనిక్ బూమ్ అని తర్వాత తెలిసింది. ఈమధ్య దాని గురించి రాస్తూ "ఆకాశంలో భారీ పేలుడు" అన్నాను. ఏదీ పేలనప్పుడు పేలుడు ఎలా అవుతుందని మా అబ్బాయి వాదన. చెవికి మాత్రం అచ్చం బాంబు పేలినట్టే ఉంది. పేలుడు అనొచ్చా, లేక విస్ఫోటనం అనాలా? సూపర్‌సానిక్ విమానాన్ని "అతిధ్వని విమానం" అనొచ్చా?

సమాధానం: మీ అబ్బాయి మాటే సరైందమ్మా. అలాగని మీ చెవి తప్పు విన్నదీ లేదు. బాంబు పేలినా, విమానం శబ్దం కంటే వేగంగా పోయినా మన దాకా వచ్చేది ఒకటే, గాలి పీడనం ఒక్కసారిగా పెరిగి వెంటనే పడిపోవడం. అందుకే గుండె ఝల్లుమంటుంది, కిటికీలు అదురుతాయి. తేడా అంతా ఆ శబ్దం ఎక్కడ, ఎలా పుట్టిందన్న దాంట్లో ఉంది, మన తెలుగులో "పేలు" అనే క్రియ చూసుకునేది కూడా సరిగ్గా దాన్నే.

టపాకాయ పేలుతుంది, టైరు పేలుతుంది, జొన్నలు వేయిస్తే పేలి పేలాలవుతాయి, ఎండాకాలంలో చెమటకి ఒళ్ళు పేలుతుంది. ఈ చివరిదానికి శబ్దమే లేదు చూడండి, అయినా పేలింది అనే అంటాం. లోపలున్నది పైపొరను చీల్చుకుని బయటికి రావడం, ఆ మాటలో అసలు విషయం అది. శబ్దం దాని వెంట రావచ్చు, రాకపోవచ్చు. విస్ఫోటనం అనే సంస్కృత పదం దగ్గరికి వెళ్ళినా మీకు వేరే దారి దొరకదు. అందులో ఉన్న "స్ఫుట్" ధాతువుకి అర్థం పగలడం, చీలి విచ్చుకోవడం. మశూచికి స్ఫోటకమని పేరు వచ్చింది కూడా ఆ ధాతువు నుంచే. "జనాభా విస్ఫోటనం" అంటున్నాం కదా అని మీరు అడగొచ్చు, అక్కడ జనాభా నిజంగా పగిలిందని ఎవరూ అనుకోరు కాబట్టి ఇబ్బంది లేదు. ఆకాశంలో విస్ఫోటనం అంటే మాత్రం ప్రతివాడూ నిజమనే నమ్ముతాడు. "ఏం పేలింది?" అని అడుగుతాడు, ఆ చుట్టుపక్కల పేలడానికి ఉన్నదల్లా ఆ విమానమే. పైలట్ల ఇళ్ళలో ఆ మాట ఎంత టెన్షన్ పెడుతుందో ఆలోచించండి. నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం అదే.

ఆ రోజు జరిగింది ఇది. వైమానిక దళానికి చెందిన ఒక పరీక్షా విమానం నగరానికి బాగా అవతల, తనకు కేటాయించిన గగనతలంలో శబ్దాన్ని మించిన వేగంతో ఎగిరింది. 36,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో అది వేగం తగ్గించుకుంటున్నప్పటి శబ్దం కావచ్చని రక్షణ శాఖ తెలిపింది, 65 నుంచి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్ళకి కూడా అలాంటి శబ్దం వినపడుతుందని కూడా చెప్పింది.

బాంబైతే ఒకచోట, ఒక క్షణంలో ఉన్న శక్తినంతా వదిలేస్తుంది. అక్కడి నుంచి పీడన తరంగం అన్ని వైపులకీ పోతుంది, అంతటితో దాని పని అయిపోయింది. సోనిక్ బూమ్ అలాంటి ఒక్క క్షణపు సంఘటన కాదు. నేల దగ్గర శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, పైన గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ. విమానం అంతకంటే వేగంగా పోతే తాను పుట్టించిన అలలు తన ముందుకి పోలేవు, ఒకదాని మీద ఒకటి పేరుకుని, పడవ వెంట నీళ్ళలో సాగే అలలాగా విమానం వెంటే సాగుతాయి. ఆ అల మన మీదుగా దాటిన క్షణంలో మనకి ఢామ్మంటుంది, పక్క ఊరివాళ్ళకి ఇంకో క్షణంలో. అందుకే "విమానం ధ్వని అవరోధాన్ని (అంటే శబ్దవేగం అనే హద్దుని) ఛేదించినప్పుడు వచ్చే శబ్దం" అని రాయడం కూడా సరికాదు, ఈ తప్పు పేలుడు కంటే ఎక్కువగా కనిపిస్తోంది. అవరోధం దాటిన ఆ ఒక్కసారే కాదు, ఆ వేగంలో ఉన్నంతసేపూ ఆ అల విమానం వెంట ఉంటుంది.

విమానం ముక్కు దగ్గర ఒక అల, తోక దగ్గర ఇంకొకటి పుడతాయి. యుద్ధవిమానం చిన్నది కాబట్టి రెండూ చాలాసార్లు ఒక్కటిగానే వినపడతాయి, అమెరికా స్పేస్ షటిల్ దిగేటప్పుడైతే రెండు దెబ్బలూ విడివిడిగా తెలిసేవి. రాసేటప్పుడు ఇక్కడ కాస్త జాగ్రత్త పడాలి. "ఢాం ఢాం" అంటే రెండు దెబ్బలు, "ఢమఢమ" అంటే ఆగకుండా మోగుతూ ఉండడం. మన ధ్వన్యనుకరణలో ఈ తేడా ఎంత చక్కగా ఉందో, దాన్ని వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బలం సంగతికొస్తే, ఒకప్పుడు శబ్దం కంటే వేగంగా తిరిగిన కాంకార్డ్ ప్రయాణికుల విమానం వల్ల నేల మీద పెరిగిన పీడనం సుమారు 90 పాస్కల్స్, అంటే మామూలు గాలి పీడనంలో వెయ్యోవంతు కూడా లేదు. ఇళ్ళు కూల్చే పేలుడు పీడనం దానికి కొన్ని వందల రెట్లు ఉంటుంది. అయినా దాన్ని తక్కువగా చూడలేం, 1964లో అమెరికాలోని ఓక్లహోమా సిటీ మీద ఆరు నెలల పాటు రోజూ కావాలని సోనిక్ బూమ్‌లు కలిగించి జనం ఎంతవరకు ఓర్చుకుంటారో పరీక్షిస్తే అద్దాలు పగిలాయి, ఫిర్యాదులు వెల్లువెత్తాయి.

మరి తెలుగులో ఏమనాలి? పోతరాజు కొరడా చూడండి. కొరడా కొస శబ్దం కంటే వేగంగా కదిలితేనే ఆ చప్పుడు వస్తుంది, అంటే అదొక బుల్లి సోనిక్ బూమ్. దాన్ని మనవాళ్ళు ఏనాడూ "కొరడా పేలింది" అనలేదు, "ఛెళ్ళుమంది" అన్నారు. గాలిని కోసుకుంటూ పోయే వస్తువు చప్పుడుకి "అను" క్రియ, పగిలే వస్తువుకి "పేలు" క్రియ, మన నోటికి సహజంగా వచ్చేది ఇదే. కాబట్టి "ఆకాశం ఢామ్మంది", "పెద్ద మోత వినపడింది", "పిడుగు పడ్డట్టు శబ్దం వచ్చింది" అని ధైర్యంగా రాయండి. పేలుడు మాటే కావాలనిపిస్తే "పేలుడు శబ్దం" వద్దు, "పేలుడు లాంటి శబ్దం" అనండి, ఆ "లాంటి" ఉంటే చాలు. పేరుగా మాత్రం సోనిక్ బూమ్‌నే ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

సోనిక్ బూమ్, పేలుడు రెండూ కలిసిన సందర్భం కూడా ఉంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీదికి వచ్చిన ఉల్క సెకనుకు 19 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తులో ముక్కలైంది. వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికి వెళ్ళారు, రెండు నిమిషాలు దాటాక అల వచ్చి అద్దాలు పగలగొట్టింది, 1,500 మంది దాకా గాయపడ్డారు. అక్కడ "ఉల్క పేలింది" అని రాస్తే నూటికి నూరుపాళ్ళూ సరైనదే, నిజంగా ఒక వస్తువు పగిలింది కనుక.

ఇక అతిధ్వని. బడి పుస్తకాల్లో అతిధ్వనులంటే మన చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవి, 20,000 హెర్ట్జ్‌లకు పైన, గర్భిణులకు తీసే స్కానింగ్‌లో వాడేవి. సూపర్‌సానిక్ అనేది వేగానికి సంబంధించిన మాట. ఒకే పదాన్ని రెండింటికీ వాడితే పిల్లలు తికమక పడతారు, "సూపర్‌సానిక్ విమానం" అనండి, లేదా "శబ్దం కంటే వేగంగా పోయే విమానం" అని విడమరిచి చెప్పండి.