కరెంటు వచ్చాక అక్వేరియం సైఫన్ పట్టడం లేదా? ముందు పైపు చివర చూడండి

కరెంటు పోయి వచ్చాక మీ అక్వేరియం సైఫన్ మళ్లీ పట్టడం లేదన్నారు. సైఫన్ పైపు (ట్యాంకు నీళ్లను కిందికి దించేది) చివర సంప్ (ట్యాంకు కింద ఉండే తొట్టె) నీళ్లలో మరీ లోతుగా మునిగి ఉంటుంది. పైపులో ఇరుక్కున్న గాలి అంత నీటిని తోసుకుని బయటికి రాలేదు. అందుకే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నీళ్లు ఎమర్జెన్సీ పైపులో (సైఫన్ పనిచేయనప్పుడు నీళ్లు దిగే రెండో పైపు) పడి గలగలమంటున్నాయి.

1. ఆ చివరను కోసి, నీటి మట్టానికి ఒక అంగుళం కిందికి మాత్రమే ఉంచండి. చాలామంది ఇది వదిలేసి వాల్వ్ తిప్పుతూ కూర్చుంటారు. కొలత పంపు నడుస్తున్నప్పుడే తీసుకోండి. ఆపితే పైనీళ్లు దిగి సంప్ మట్టం పెరుగుతుంది, లెక్క తప్పుతుంది.
2. సైఫన్ పైపుకు బాల్ వాల్వ్ బదులు పీవీసీ గేట్ వాల్వ్. ఇత్తడిది వద్దు, రాగి రొయ్యలకు విషం.
3. ఎమర్జెన్సీ పైపుకు వాల్వ్ వద్దే వద్దు.

హెర్బీ (ఈ రెండు పైపుల పద్ధతి) తీసేసి బీన్ యానిమల్ (మూడు పైపుల పద్ధతి) పెట్టాలా అని కూడా అన్నారు. ఇది సరిచేస్తే అవసరం రాకపోవచ్చు. అయినా బెంగళూరు కరెంటు సంగతి తెలిసిందే కదా, కావాలనుకుంటే రిటర్న్ పైపును (పంపు నుంచి నీళ్లను తిరిగి ట్యాంకులోకి తెచ్చేది) అద్దం పైనుంచి తెచ్చుకోండి. దాని రంధ్రం ఖాళీ అయి మూడో పైపుకు పనికొస్తుంది. వెనక తగిలించే ఓవర్‌ఫ్లో బాక్స్ నేనైతే పెట్టను. దాని సైఫన్ తెగినా పంపు ఆగదు, ట్యాంకు పొంగి కింది ఫ్లాట్‌వాళ్లు వచ్చి తలుపు కొడతారు.